భారత పర్వములలో నేది మేలు? మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమల శ్రోతల తీర్పు

వినదగినది భారతము, తినదగినది గారె యని జోడించి చెప్పు సామెత తెలుగునాట నెఱుగనివారు లేరు. అయినను భారతమంతయు నొక్క తీరుగనే రుచించునా, పదునెనిమిది పర్వములలో హెచ్చుతగ్గులు లేవా యను ప్రశ్నకు ఆ సామెత బదులు చెప్పదు. పండితులు ఈ ప్రశ్నను తఱచుగా నన్నయ తిక్కనల తారతమ్యవిచారముగా మార్చివేసిరి. కవి యెవరు మేలని తర్కించినవారు పర్వమేది మేలని తర్కించుట యరుదు. పల్లెలలో భారతము వినువారికి మాత్రము రెండవ ప్రశ్నయే ముఖ్యము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో ఏటేట జరుగు భారతోత్సవములను పరిశీలించినచో, శ్రోతలు తరతరములుగా నిచ్చిన తీర్పొకటి కనబడును. ఆ తీర్పు ఏ గ్రంథమందును వ్రాయబడి యుండలేదు. ఉత్సవపు రోజుల పంపకములోనే యున్నది.

ఈ మూడూళ్లును రాయలసీమకు దక్షిణపు కొసను మిట్టనేలపై నున్నవి. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినపుడు మదనపల్లె కడప జిల్లా నుండియు, పుంగనూరు జమీను ఉత్తరార్కాటు నుండియు వచ్చి యందు చేరినవి. తరువాత జిల్లాల హద్దులు మఱల మారినవి గాని వాన హద్దు మారలేదు. చెఱువులను, బావులను, ఆకసమును నమ్ముకొన్న సేద్యమిది. కుప్పము మూడు భాషల కూడలి. ఒకవంక కోలారు సీమ కన్నడము, ఒకవంక కృష్ణగిరి సీమ తమిళము, నడుమ తెలుగు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమును ఆ యూర స్థాపించుటకు ఈ కలయికయే కారణము. భారతపర్వముల తారతమ్యము నెఱుగగోరువారికి ఇంతకంటె తగిన చోటు దొరకదు. ఏలయన, మూడు భాషల కవులు ఒకే కథను మూడు తీరుల ముగించిరి. ఆ మూడు ముగింపులును ఇచ్చట ఒకదాని సరసను ఒకటి నిలిచి యున్నవి.

ఈ ప్రాంతపు పల్లెలలో ద్రౌపదీ సమేతుడైన ధర్మరాజునకు గుళ్లు కలవు. జనులు వానిని ధర్మరాజుల గుళ్లని వాడుక చేయుదురు. ఎండకాలమున, కోతలు ముగిసి దుక్కులకు ముందు, ఆ గుడి యెదుట ధ్వజారోహణము చేసి పదునెనిమిది దినములు భారతము చెప్పింతురు. పగటివేళ పందిటిలో హరికథ, రాత్రి తెల్లవాఱుదాక వీధినాటకము. పగలు విన్నదానినే రాత్రి కన్నులార చూతురు. కొన్ని ఘట్టములు అరుగుమీద నాడుటతో తీరవు, ఊరే రంగస్థలమగును. బకాసురవధనాడు భీముని వేషము అన్నపు బండిపై నెక్కి వీధుల వెంట తిరుగును. అర్జునతపస్సునాడు పొడవైన మానొకటి పాతి వేషధారి దానిపై కెక్కును. ఉత్తరగోగ్రహణమునాడు కొన్ని చోట్ల నిజమైన ఆలమందలనే తోలుదురు. పుంగనూరు ఆవులు ఇంచుమించు మూడడుగుల యెత్తువి యగుటచే, కౌరవసేన కవి తగిన కొల్లయేనా యని నవ్వుకొనుటకు చూపరులకు వీలు కలదు. తుదిదినమున నేలపై పెద్ద మట్టిబొమ్మగా పరుండబెట్టిన దుర్యోధనుని తొడను భీముడు గదతో మోదును. సాయంకాలము అగ్నిగుండప్రవేశము. మఱునాడు ధర్మరాజ పట్టాభిషేకము. దానితో భారతము ముగిసినట్లే.

రోజులు పదునెనిమిది, పర్వములు పదునెనిమిది. కావున దినమున కొక పర్వము చొప్పున నడచునని వెలివారు తలపవచ్చును. అట్లు నడవదు. ఆంధ్రభారతమున ఆశ్వాసములు 63. అందు యుద్ధమునకు ముందున్న ఆది, సభా, అరణ్య, విరాట, ఉద్యోగ పర్వములవి 26. భీష్మపర్వము మొదలు సౌప్తికమువఱకు 15. స్త్రీపర్వము మొదలు స్వర్గారోహణమువఱకు 22. అనగా తెలుగు భారతమున మూడవపాలు దుర్యోధనుడు కూలిన పిదపనే నడచుచున్నది. ఉత్సవమున ఆ మూడవపాలికి దక్కునది ఒక్క పట్టాభిషేకపు పూట. లక్కయింటి కథకును, ద్రౌపదీకల్యాణమునకును, సుభద్రాకల్యాణమునకును, రాజసూయమునకును, వస్త్రాపహరణమునకును, అర్జునతపస్సునకును, కీచకవధకును, గోగ్రహణమునకును, రాయబారమునకును ఒక్కొక్కదానికి ఒక్కొక్క రాత్రి దొరకుచుండగా, తిక్కన యాఱాశ్వాసములలో సంతరించిన శాంతిపర్వమునకు ఒక్క రాత్రియు దొరకదు. శ్రోతల తీర్పనగా నిదియే. అది సరియైన తీర్పా, దానికి హేతువేమి యన్నదియే విచారింపదగిన విషయము.

పండితులును పామరులును ఏకమై మెచ్చు పర్వమొకటి కలదు. అది విరాటపర్వము. తిక్కన తన రచనను దానితోనే యారంభించెను. పారాయణమును విరాటముతో మొదలుపెట్టు ఆచారము దక్షిణదేశమున నున్నది. విరాటపర్వము చదివినచో వాన కురియునను నమ్మకము మెట్టసీమలలో మిక్కిలి బలమైనది. ఈ నమ్మకము గాలిలో పుట్టినది కాదు. పాండవులను వెదకుటెట్లని కౌరవసభలో తర్కము నడచునపుడు, ధర్మరాజున్నచోట మేఘములు వేళకు వర్షించుననియు, పాడిపంటలు నిండి యుండుననియు భీష్ముడు గుర్తులు చెప్పును. దాగియున్నవానిని పట్టించుటకు చెప్పిన గుర్తులను, కఱవు పల్లెలవారు వానను రప్పించు మంత్రముగా గ్రహించిరి. ధర్మరాజును ఊరిలో నిలిపినచో వాన దానంతట వచ్చును గదా యన్నది వారి తర్కము. దీనిని మూఢనమ్మక మనుటకు ముందు, మూలమును వారెంత శ్రద్ధగా వినిరో గమనింపవలెను.

విరాటము మెప్పు పొందుటకు వాన యొక్కటియే కారణము కాదు. ఈ పర్వమున కథ యొక్క ఊరిలో, ఒక్క యేడాదిలో నడచును. వేషము మార్చుకొన్న రాజులు వంటవాడు, ఆటకత్తె, గుఱ్ఱపువాడు, పసులకాపరియై కూలికి కుదురుకొందురు. తానెవరో చెప్పుకొనరాని దాసి కష్టమెట్టిదో తెలిసిన శ్రోతలకు సైరంధ్రి దూరపు రాణి కాదు. సంస్కృతమున పూనా సంశోధిత ప్రతి ననుసరించి 67 అధ్యాయములుగా నున్న యీ పర్వమును తిక్కన యైదాశ్వాసములుగా తీర్చి, కీచకుని వృత్తాంతమును నాటకమువలె పెంచెను. వీధినాటకమువారికి ఆ పని సగము చేసిపెట్టినట్లే యైనది. పూనా భండార్కరు ప్రాచ్యవిద్యా సంశోధన మందిరము 1919లో మహాభారత సంశోధిత ముద్రణమునకు పూనుకొని, 1923లో మొట్టమొదట మచ్చునకు వెలువరించినదియు ఉట్గీకరు సంస్కరించిన విరాటపర్వమే. పల్లెలోని పందిరియు పూనాలోని పండితమందిరమును వేఱువేఱు కారణములచేతనే యైనను ఒకే పర్వముతో మొదలిడినవి.

అరణ్యపర్వమును గూర్చి ఇంతటి యేకాభిప్రాయము లేదు. వింతలు కోరువారికి భారతమున దీనిని మించిన పర్వము లేదు. కిర్మీరుడు, సౌగంధికాహరణము, ఇంద్రలోకము, నివాతకవచులు, నహుషుడను కొండచిలువ, గంధర్వుల చేజిక్కిన దుర్యోధనుడు, కొలనుకాడ యక్షుడు, వీనికి తోడు నలుడు, సావిత్రి, రాముడు మున్నగువారి కథలు. కథ ముందుకు సాగవలెనని తొందరపడువారికి ఇదే పర్వము విసుగు పుట్టించును. పండ్రెండేండ్ల యడవిలో పాండవులు కదలుచునే యుందురు గాని కథ కదలదు, ప్రతి మునియు నొక కథ చెప్పును, రెండు కథలు తీసివేసినను ధర్మరాజునకు కొఱతయేమి యని వారి యభ్యంతరము. ఇందుకు సమాధానము అర్థము లేనిది కాదు. రాజ్యము పోయినవాని యడవిలోని కాలము నిజముగా నట్లే గడచును. పండ్రెండేండ్లను పండ్రెండు పద్యములలో దాటించిన కవి శ్రోతకు వనవాసమును చూపినవాడు కాడు, చెప్పినవాడు మాత్రమే యగును.

ఈ పర్వమునకు తెలుగున వేఱొక చిక్కును కలదు. నన్నయ ఆది సభా పర్వములు ముగించి, అరణ్యపర్వమున నాలుగవ యాశ్వాసములో శరద్రాత్రులను వర్ణించిన పద్యముతో నాగిపోయెను. తరువాత దాదాపు రెండువందల యేండ్లకు వచ్చిన తిక్కన ఆ కొఱతను ముట్టక విరాటమునకు దాటెను. ఎఱ్ఱన పదునాలుగవ శతాబ్దమున మిగిలిన భాగమును పూరించెను. తన పేర గాక, నన్నయయే వ్రాసినట్లు రాజరాజనరేంద్రున కంకితముగ ముగించెను. నన్నయకు మతి చలించెననియు, ముట్టినవారికి కీడు మూడుననియు కథలు పుట్టినవి. వానికి ఆధారము లేదు. కాని ఆ భయము వలన ఏడాశ్వాసముల యీ పర్వము చాలకాలము కీడు పర్వమను పేరు మోసినది.

మదనపల్లె కుప్పము సీమల శ్రోతలు ఈ భయమునకు తలయొగ్గలేదు. ఇచ్చటి యుత్సవమున అన్నింటికంటె శుభదినముగా నెన్నబడునది అర్జునతపస్సే. అది ఆ కీడు పర్వములోనిది, అందును నన్నయ వ్రాసిన భాగములోనిది. శివుని గూర్చి పాశుపతముకొఱకు అర్జునుడు తపస్సు చేసిన కొండకు బదులుగా తపస్సు మానును నిలుపుదురు. వేషధారి పాటలు పాడుచు మెట్టు మెట్టుగా నెక్కును. క్రింద సంతానములేని స్త్రీలు తడిబట్టలతో మాను చుట్టు నేలపై బోరగిలి వరపడుదురు. పైనుండి విభూతి, నిమ్మపండ్లు, పువ్వులు క్రిందికి విసరుదురు. తమపై పడినదానిని వారు కొంగున పట్టుకొందురు. శత్రువులను చంపు నస్త్రముకొఱకు చేసిన తపస్సు, బిడ్డలకొఱకు చేయు మ్రొక్కుగా మాఱినది. మూలమున నిట్టి యుద్దేశము లేదని పండితుడు చెప్పవచ్చును. ఆ మాట నిజమే. అయినను ఏ పర్వము మేలన్న ప్రశ్నకు ఆ మాను క్రిందనున్నవారి బదులు, నన్నయ యక్షరరమ్యతను కొలిచి చూచువారి బదులుకంటె తక్కువది కాదు.

ఉద్యోగపర్వమునకు గల యాదరములో తిక్కనకెంత పాలో, తిరుపతి వేంకటకవులకును ఇంచుమించంత పాలున్నది. వారి పాండవోద్యోగ విజయములు వెలువడినప్పటినుండి రాయలసీమ పల్లెలలో రాయబారము హార్మోనియముతో కలసిపోయినది. అర్జునుడును దుర్యోధనుడును కృష్ణుని పడకకడ నిలిచిన ఘట్టమును, కౌరవసభలో కృష్ణుడు సంధి కోరిన ఘట్టమును పద్యములతో సహా కంఠస్థము చేసిన రైతులు ఎన్ని తావులనో యుండిరి. ఈ పర్వమునకు తగ్గుగా చెప్పవలసినదొక్కటే. విదురనీతి, సనత్సుజాతీయము దీనిలోనివే. నాటకములో వానికి తావు లేదు. రాయబారము నెఱిగినవారు పదిమంది యుండగా విదురుని మాటలనెఱిగినవాడు ఒక్కడుండుట కష్టము. చలనచిత్రములును ఈ తీర్పునే బలపఱచినవి. విరాటపర్వము 1963లో నర్తనశాలగను, వనవాసము 1965లో పాండవ వనవాసముగను వెలువడినవి. శాంతిపర్వమును చిత్రముగా తీయుటకు పూనుకొన్నవారు కనబడరు.

యుద్ధపర్వముల విషయమున వాదము పర్వములను గూర్చి గాక వీరులను గూర్చి నడచును. ద్రోణపర్వమును మెచ్చువాడు అభిమన్యుని మెచ్చినట్లు, కర్ణపర్వమును మెచ్చువాడు కర్ణుని మెచ్చినట్లు. తమిళసీమకు దగ్గఱగా కర్ణమోక్షపు కూత్తునకు గల పలుకుబడియు, 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ చిత్రమును కర్ణపక్షమును పెంచినవి. భీష్మపర్వము భగవద్గీతకు నెలవైయు తెలుగున వెనుకబడుట వింత. తిక్కన గీతను మిక్కిలి కొలది పద్యములలో ముగించెను. యుద్ధము మొదలు కానున్న చోట కథకుడు ఏడువందల శ్లోకముల యుపదేశమును నిలుపుట తగదని యాయన తలచియుండవచ్చును. ఆ నిర్ణయమును తప్పుపట్టినవారును కలరు. వీధినాటకమువారు మాత్రము తిక్కన పక్షమే.

ఇక మిగిలినవి స్త్రీపర్వము మొదలైన యెనిమిది పర్వములు. వీనిని తక్కువగా చూచుట తెలుగు పల్లెలవారి దోషమే యని యెంచరాదు. కుప్పమునకు ఇరువైపుల నున్న భాషలలో కవులే ఆ పని చేసిరి. తమిళమున క్రీ. శ. 1400 ప్రాంతమున విల్లిపుత్తూరారు రచించిన భారతము నాలుగువేల పైచిలుకు పద్యములతో పది పర్వములకే ముగిసినది, సౌప్తికముతో సరి. కన్నడమున పదునైదవ శతాబ్దపు కుమారవ్యాసుడు గదుగు వీరనారాయణుని సన్నిధిని చెప్పిన కర్ణాట భారత కథామంజరియు పది పర్వములే. గదాయుద్ధము ముగిసి ధర్మరాజునకు పట్టము కట్టుటతో సమాప్తము. ఒకరి నొకరు చూచి వ్రాసినవారు కారు. అయినను ఇద్దరును ఒక్కచోటనే కలము దింపిరి. వెనుకటి కొఱతను తీర్చుటకు తరువాతివారు పూనుకొనవలసి వచ్చెను. కృష్ణదేవరాయల యాశ్రయమున తిమ్మణ్ణకవి కన్నడమున మిగిలిన పర్వములను రచించెను. తమిళమున పదునెనిమిదవ శతాబ్దపు నల్లాపిళ్లై విల్లి భారతమును పెంచి పూర్తిచేసెను. అయినను ఈ పూరణములు విల్లి కుమారవ్యాసుల కావ్యములవలె జనుల నాలుకలపై నిలువలేదు.

వీరలకు నడుమ తిక్కన యొక్కడే తానుగా తుదిదాక పోయినవాడు. పర్వసంగ్రహపు లెక్కను పదునాలుగువేల శ్లోకములకు పైబడిన శాంతిపర్వమును ఆఱాశ్వాసములకు కుదించెను, ఆనుశాసనికమును ఐదింటికి, అశ్వమేధమును నాలుగింటికి. మౌసల మహాప్రస్థానిక స్వర్గారోహణములు ఒక్కొక్క యాశ్వాసమే. కుదించెను గాని విడువలేదు. ఆ కుదింపును చూచినను ఆయనకును ఇవి రుచింపలేదనుట తొందరపాటగును. రాజధర్మములు వేలకొలది శ్లోకములలో వినుటకు ఓపికలేని శ్రోతలనెఱిగి, వారు తుదివఱకు కూర్చుండునట్లు చేయుటకు పడిన పాటది. ఇంత పాటుపడి తెచ్చిన మూడవపాలును తెలుగు శ్రోతలు, తమిళ కన్నడ శ్రోతలవలెనే, పందిటిలోనికి రానీయలేదు.

తుదిభాగమును వెలివేయుట మన దేశమునకే చెల్లినది కాదు. గ్రీకు భాషలో హోమరు చెప్పిన ఒడిస్సీ కావ్యము ఇరువదినాలుగు భాగములు. అలెగ్జాండ్రియా నగరపు విమర్శకులగు అరిస్టోఫనీసును అరిస్టార్కసును కావ్యము ఇరువదిమూడవ భాగపు నడిమిననే, విడిపోయిన భార్యాభర్తలు కలసికొన్నచోటనే, నిజముగా ముగిసినదని తలచిరని ప్రాచీన వ్యాఖ్యలు చెప్పుచున్నవి. శ్రోత కోరినది చేతికందిన పిదప కవి ఇంకను మాటలాడినచో, ఆ మాటలు కవివి కావనిపించుట సహజము. భారతమున ఆ కోరిక దుర్యోధనుని తొడతో తీరుచున్నది.

అయినను ఈ తక్కువ పర్వములు నిజముగా మఱపున పడినవా యని చూచినచో, సంగతి వేఱుగా నున్నది. అవి పేరు మార్చుకొని దొడ్డిదారిని ఇండ్లలోనికి వచ్చినవి. భారతమందలి ఏ భాగము మేలని యడిగినచో ఆనుశాసనికమని చెప్పువాడు కనబడడు. కాని విష్ణుసహస్రనామము వ్యాసభారతమున ఆ పర్వములోనిదే. వేకువ జామున దానిని చదువు నింటిలో ఆ పర్వము పేరు తెలిసినవారు ఎందఱుందురో! అశ్వమేధపర్వమును వినిపించుకొననివారు, అదే యాగకథను జైమిని పేర చెప్పినపుడు చెవియొగ్గిరి. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు తెలుగు జైమిని భారతమును చంద్రగిరి నేలిన సాళువ నరసింహున కంకితము చేసెను. కన్నడమున లక్ష్మీశుని జైమిని భారతమునకు ఇంటింట నాదరము కలిగెను. కథ యదే, గుఱ్ఱమదే. ధర్మోపదేశము తగ్గి వింతలు పెరిగినవి, అంతే. స్త్రీపర్వమున విదురుడు చెప్పిన బావిలోని మనుజుని కథ, అనగా క్రింద పాము, పైన ఏనుగు, పట్టుకొన్న తీగను కొఱుకు నెలుకలు, అంతటి యాపదలో నాలుకపై బడు తేనెబొట్టు నున్న కథ, దేశాంతరములు దాటి ఐరోపావారి బర్లాము జోసాఫత్తుల కథలో చేరి క్రైస్తవ దేశములన్నింట చెప్పబడినది. ఊరిలో చోటు లేని పర్వమునకు సముద్రములకావల చోటు దొరికినది.

స్త్రీపర్వము పందిటిలోనికి రాలేదన్నమాటయు పూర్తిగా నిజము కాదు. తమిళసీమ భారతోత్సవములలో మట్టిదుర్యోధనుడు కూలిన పిమ్మట ఆ బొమ్మ ప్రక్కన శోకించు వేషమొకటి కనబడుచుండును. సెంజి ప్రాంతమున ద్రౌపది కొలువును పరిశోధించి 1988, 1991 సంవత్సరములలో రెండు సంపుటములు ప్రకటించిన అమెరికా పండితుడు ఆల్ఫ్ హిల్టెబైటెల్ ఈ తంతులను విపులముగా వర్ణించెను. గాంధారి శోకమునకు పర్వముగా రాత్రి దొరకకపోయినను, తుదిదినపు మధ్యాహ్నమున పిడికెడు చోటు దొరికినది. ఆ మాత్రమైనను ఉండుట మేలు. చచ్చినవాడు ఎంతటి దుష్టుడైనను, వానికై యేడ్చువారు లేనిదే ఊరు ఆ మైదానమును విడిచి లేవలేదు.

అట్లయిన, కడపటి మూడు పర్వములకు ఏ దారియు దొరకకపోవుటకు హేతువేమి? అవి చిన్నవి, ఒక్కొక్కటి ఒక్క యాశ్వాసము. విసుగని చెప్పుటకు వీలు లేదు. ఉపదేశములచే నిండినవియు కావు. యాదవులు తుంగతో కొట్టుకొని చచ్చుటయు, ద్వారక మునుగుటయు, హిమాలయపు నడకయు, కుక్కయు, స్వర్గమున దుర్యోధనుడు కూర్చుండి యుండుటయు వింతలు కోరువారికి చాలినంత వింతలే. నాటకమునకును లొంగును. కావున రుచిని బట్టి కారణము వెదకినచో దొరకదు. గుడిని బట్టి వెదకవలెను.

ధర్మరాజుల గుడి పేరునకు ధర్మరాజుదైనను, మ్రొక్కులలో పెద్దపాలు ద్రౌపదిది. పదునెనిమిది దినముల కథయు ఆమె వెండ్రుకల చుట్టు నడచుచున్నది. సభలో విప్పబడిన జడను శత్రువు నెత్తురు తాకిన పిదపగాని ముడువనన్న శపథము వ్యాసభారతమున లేదు. అది భట్టనారాయణుని వేణీసంహార నాటకమువలన వ్యాపించినది. ఆ నాటకమునను, ఇచ్చటను అది దుర్యోధనుని నెత్తురే. మట్టిబొమ్మ తొడలో దాచిన కుండ పగిలి యెఱ్ఱనీరు చిమ్మగా, ద్రౌపది వేషము దానిని తలకద్దుకొని జడ ముడుచును. ఆ సాయంకాలమే ఆమెపేర కంకణము కట్టుకొన్నవారు నిప్పులపై నడతురు. ఆమె యగ్నిలో పుట్టినది. అగ్ని ఆమె బిడ్డలను కాల్చదు.

మహాప్రస్థానికమున, ఉత్తరదిక్కునకు నడచుచున్న యాఱుగురిలో మొట్టమొదట కూలునది ద్రౌపది. కారణమేమని భీముడడుగును. ఐదుగురిలో ఆమెకు అర్జునునిపై పక్షపాతము మెండని ధర్మరాజు చెప్పి, వెనుదిరిగి చూడక సాగిపోవును. కుక్క వెంట నడచును.

నిప్పులు చల్లారిన మఱునాడు పట్టాభిషేకమైన పిమ్మట, ధ్వజమును దింపుటకు ముందు, ఈ కథను ఆ గుడి ముంగిట చెప్పవలసిన హరికథకుని స్థితి యెట్టిదో యూహింపవచ్చును. బొబ్బలెక్కని కాళ్లతో ముందువరుసను కూర్చున్నవారు వినవలసినది, తమ తల్లి మంచులో పడిపోయెననియు, ఆమె దోషమును ఎత్తిచూపినవాడు ఆమె ప్రక్కనే గుడిలో కొలువున్న స్వామియే యనియు. విల్లిపుత్తూరారును కుమారవ్యాసుడును ఇంత దూరము రాకయే నిలిచిరి. తిక్కన వచ్చెను, ఒక్క యాశ్వాసములో చెప్పెను. పందిటివారు ఆ యాశ్వాసమును పొత్తముననే యుంచి, పచ్చతోరణములు విప్పి, వాననుగూర్చి మాటలాడుకొనుచు ఇండ్లకు పోవుదురు.